మా బావ ఆడే చోటు

ఒడిశాలోని బరంపురంలో, గేట్ బజార్లో నేను పనిచేసే బట్టల కొట్లో మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఆడవాళ్ళం వెనక గదిలో టిఫిన్ డబ్బాలు విప్పుతాం. ఆ కాసేపట్లో మొగుడి మీద ఒక మాటైనా అనుకోకపోతే తిన్న అన్నం అరగదు. ఒకామె మొగుడు లారీ నడుపుతాడు. ఇంకొకామె మొగుడు ఛత్రపూర్ కోర్టులో బంట్రోతు. వాళ్ళ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. నా వంతు వచ్చేసరికే చిక్కు.

"మీ ఆయన ఏటి సేస్తాడు?"

"ఆడతాడు."

"కిరికెట్టా?"

"కాదు, బేస్‌బాల్."

సగంమంది అక్కడే మళ్ళీ డబ్బాల్లోకి తలలు దించేస్తారు. లారీ ఆయన పెళ్ళాం మాత్రం వదలదు. "జీతమిచ్చి మరీ ఆడిస్తన్నారా? బాగున్నాది. అయితే ఏ సోట ఆడతాడు?"

చాలా ఏళ్ళు ఈ ప్రశ్న రాగానే నేను పచ్చడి కలుపుకుంటున్నట్టు నటించేదాన్ని.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా 'బావా' అనే నోటికొస్తుంది, ఇక్కడా అలాగే అంటాను. బేస్‌బాల్లో తొమ్మిదిమంది తొమ్మిది చోట్ల ఉంటారు. మధ్యలో బంతి విసిరేవాడు. కొట్టేవాడి వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు, అతన్ని క్యాచర్ అంటారు. పరుగెత్తేవాడు తాకాల్సిన మూడు మూలల్లో ముగ్గురు, వాళ్ళ మధ్య సందు కాయడానికి ఒకడు, దూరంగా గడ్డిలో ముగ్గురు. ఎవరి చోటు వాళ్ళది. దాన్ని వాళ్ళు సొంత అరుగులా చూసుకుంటారు, ఇంకొకడు వచ్చి నిలబడితే మొహం ముడుచుకుంటారు. మా బావకి ఆ తొమ్మిదిలో ఒక్కటీ సొంతం కాదు. ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ చోట్లో నిలబడ్డాడు. ఎవరి చెల్లెలి పెళ్ళయితే వాళ్ళ చోట్లో నిలబడ్డాడు. బంతి విసరడమొక్కటి తప్ప అన్నీ చేశాడు. వాళ్ళ కోచ్ సార్ ఇలాంటి ఆటగాణ్ణి 'యుటిలిటీ' అంటాడు. నేను కూరలో కరివేపాకు అన్నాను. బావ రెంటికీ ఒకేలా నవ్వాడు.

అసలు ఆ ఆటలోకి దిగడం కూడా అలాగే జరిగింది. బరంపురంలో కాలేజీ చదివేటప్పుడు ఒకరోజు స్నేహితుడికి సైకిలు తాళం ఇవ్వడానికి గ్రౌండుకి వెళ్ళాడట. అక్కడ ఒక మనిషి తక్కువై ఆట ఆగిపోయి ఉంది. పీటీ సార్ ఇతన్ని చూసి "నువ్వు ఖాళీయేగా, అక్కడ నిలబడు" అన్నాడు. ఆటేమిటో తెలియకుండానే నిలబడ్డాడు. బంతి వచ్చింది, పట్టేశాడు. చిన్నప్పుడు వలలోంచి తుళ్ళిపడే చేపల్ని ఇసుకలో పట్టినవాడికి బంతి ఒక లెక్కా? ఆ తర్వాత జిల్లాకి ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు. చివరికి భువనేశ్వర్‌లో ఒక కంపెనీ సొంత జట్టు పెట్టుకుంటే అందులో జీతం మీద చేరాడు. పొద్దున్న ఆట, మధ్యాహ్నం వాళ్ళ గోడౌన్లో పని. ఒప్పందం ఏడాదికి ఒకటి. ప్రతి చలికాలం పోటీలయ్యాక ఉంచుతారా, పంపేస్తారా అని ఎదురుచూడ్డమే. శనివారం సాయంత్రం రైల్లో ఛత్రపూర్‌లో దిగి, ఆటోలో మా ఊరికి వస్తాడు. మా ఊరంటే సముద్రం ఒడ్డునే, మా వీధి చివరి ఇంటి గుమ్మంలోకి ఇసుక వస్తుంది.

మనిషి స్వభావమే అంత. మా పెళ్ళినాడు తాళి కట్టే వేళకి పెళ్ళికొడుకు కనిపించలేదు. మా అత్త గుండె బాదుకుంది. నేను పీటల మీద తలొంచుకుని లోపల పళ్ళు నూరుతున్నాను. చూస్తే పందిరి వెనక, పట్టు పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, జనరేటర్ తాడు లాగుతున్నాడు. "లైట్లు పోయాయి గదా మరి" అన్నాడు. అతని చేతి గ్రీజు నా మెడలో పసుపుతాడుకి అంటింది. ఆ మరక చూపించి ఇప్పటికీ దెప్పుతాను. ఎవరింట్లో ఏ కార్యమైనా ఇంతే. కాసేపు వడ్డిస్తాడు, కాసేపు డప్పు పట్టుకుంటాడు, కాసేపు ఎవరి పిల్లకో జడ వేస్తుంటాడు. భోజనాల దగ్గర మాత్రం చివరి బంతిలో కూడా దొరకడు.

మా నాన్నకి ఈ మేనల్లుడంటే ప్రాణం. అయితే నాన్న ప్రేమ కొంచెం ప్రమాదకరం. గ్లవ్ కథ వింటే మీకే తెలుస్తుంది.

ఈ ఆటలో చేతికి తోలు గ్లవ్ వేసుకుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జల్లెడలాంటి అల్లిక ఉంటుంది, బంతి అందులో చిక్కుతుంది. చోటుని బట్టి గ్లవ్ మారుతుంది. క్యాచర్‌ది దిండులా లావుగా ఉంటుంది, సందు కాసేవాడిది పొట్టిది, గడ్డిలో వాళ్ళది పొడుగుది. అన్ని చోట్లా ఆడేవాడు అన్నీ ఎక్కడ కొంటాడు? మా బావ మధ్యరకంది ఒకటి కొనుక్కుని దాంతోనే ఎన్నో ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఒక శనివారం దాని అల్లిక తెగి ఇంటికి వచ్చాడు. మా నాన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇదేటిరా, సిన్న వలే గదా" అన్నాడు. నైలాన్ దారంతో, వల బాగుచేసే ముడులతో, ఆదివారం పొద్దున్నంతా కూర్చుని కుట్టేశాడు. కొత్తదానికన్నా గట్టిగా వచ్చింది. అక్కడితో ఆగితే ఆయన మా నాన్న ఎందుకవుతాడు?

"తోలు ఎండిపోయినాదిరా అల్లుడా, కూసింత నూనె పట్టించాల" అన్నాడు. బావ సరే మావా అన్నాడు. కొబ్బరినూనె అనుకున్నాడు పాపం. మా నాన్న వెళ్ళి, చెక్క పడవల రోజుల్లోంచి దాచుకున్న సొరచేప నూనె సీసా తెచ్చాడు. మా వాళ్ళు పడవ పగలకుండా ఆ నూనే రాసేవారు. పడవకి మంచిదైతే తోలుకి ఎందుకు మంచిది కాదు? గుడ్డతో తడిపి తడిపి, లోపలా బయటా పట్టించి, ఎండలో పెట్టాడు. సాయంత్రానికి మా వీధి పిల్లులన్నీ మా గోడ మీదే ఉన్నాయి.

సోమవారం బావ ఆ గ్లవ్‌తో గ్రౌండులోకి వెళ్తే పక్కవాడు రెండడుగులు దూరం జరిగాడట. క్యాచర్ ముక్కు మూసుకున్నాడట. కోచ్ సార్ ఆ వారమంతా ఇతన్ని గడ్డిలో చివరికంటా పంపేశాడు. అక్కడికీ కుక్కలొచ్చాయి. ఒక కుక్క సరిగ్గా బంతి గాల్లో ఉన్నప్పుడు ఇతని చేతినే చూస్తూ వెంటపడిందని, బంతీ కుక్కా ఒకేసారి మీద పడ్డాయని చెప్పి బావ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "కొత్తది కొనుక్కోరాదా?" అన్నాను. "మావ కుట్టింది గదే, ఒగ్గేస్తే బాధపడడా?" అన్నాడు. వాన వచ్చినప్పుడల్లా ఆ కంపు మళ్ళీ తాజాగా లేస్తుంది. ఇప్పటికీ అదే గ్లవ్.

ఇంత మంచివాడి మీద కోపమెందుకు నీకు అంటారా? చెప్తాను. అందరూ వాడుకుని, ఫోటో తీసేటప్పుడు అంచున నిలబెట్టే మనిషిని ప్రేమించడం కష్టం. మా ఇంట్లో ఒక జట్టు ఫోటో ఉంది. అందులో బావ ఒక భుజం, ఒక చెవి, సగం నవ్వు. మిగతా సగం ఫోటో బయట ఉండిపోయింది. అది చూసినప్పుడల్లా నాకు వాళ్ళందరి మీదా ఒళ్ళు మండుతుంది, అతని మీద ఇంకా ఎక్కువ మండుతుంది. జరగండి, నాక్కూడా చోటివ్వండి అనొచ్చు కదా.

ఈ ఏడు సంక్షోభం వచ్చింది. కంపెనీకి ఖర్చులు పెరిగాయట, జట్టుని సగానికి తగ్గిస్తారట. ఫిబ్రవరి పోటీలయ్యాక ఎవరుండేదీ కోచ్ సార్ తేలుస్తాడని బావ మామూలుగా, అన్నంలో పులుసు పోసుకుంటూ చెప్పాడు. చోటు ఉన్నవాళ్ళనే పంపేస్తుంటే, చోటే లేనివాడిని ఎవరుంచుతారు?

జట్టులో లేకపోతే ఇంకేం ఉందో మా వీధిలో ప్రతి ఆడదానికీ తెలుసు. మంగుళూరు బోట్లు. మా మగవాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు. వానలు తగ్గాక వెళ్తే మళ్ళీ వానల ముందే రావడం. సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ ఫోన్ అందదు. వచ్చినప్పుడు పిల్లలు తండ్రిని చూసి తల్లి వెనక దాక్కుంటారు. నాకు వారానికో రోజు దొరికే మనిషే చాలట్లేదు. ఏడాదికి రెండు నెలలు దొరికే మనిషితో ఏం చేసుకోను? ఈ మాట బావతో అనలేదు. అంటే, "నువ్వేడవకు, ఎలగోలాగ సూద్దాం" అని నవ్వుతాడు, ఆ నవ్వు చూస్తే నిజంగా ఏడుస్తాను.

మా నాన్న మాత్రం ముందుచూపు మనిషి. మంగుళూరులో బోటు నడిపే మా చుట్టం ఒకాయనకి ఫోన్ చేసి "మా అల్లుడు ఒస్తే ఒక సోటు అట్టేపెట్టు" అని చెప్పేశాడు. అది విన్న రోజు నేను నాన్నకి కూర వడ్డించలేదు.

ఈసారి పోటీలు బరంపురంలోనే పడ్డాయి. అన్నాళ్ళుగా ఆడుతున్నా మా వాళ్ళెవరూ బావ ఆట చూడలేదు. మా నాన్న సగం వీధిని పోగేసి టాటా మేజిక్ బండి మాట్లాడాడు. అన్నం, వేపిన చేపలు, చింతపండు పులుసు, అన్నీ కట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాం. తీరా చూస్తే గ్రౌండులో తొమ్మిదిమందీ ఉన్నారు, మా వాడు లేడు. పక్కన షామియానా కింద బెంచీ దగ్గరున్నాడు.

"ఏటిది?" అన్నాడు నాన్న. "అల్లుణ్ణి కూకోబెట్టీసినారేటి?"

నాన్న బాధ ఎందుకో చెప్పాలి. మా ఒడ్డున అలివి వల లాగుతారు. పెద్ద వలని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ విడిచి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెచ్చి, రెండు గుంపులుగా జనం లాగుతారు. ఒడ్డున ఎవడైనా ఊరికే నిలబడి ఉంటే పిలిచి తాడు పట్టించడం మర్యాద. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ వాటా ఉంటుంది, కనీసం కూరకి సరిపడా చేపలైనా ఇస్తారు. కాబట్టి మనిషిని పిలవకుండా పక్కన పెట్టడమంటే మా లెక్కలో 'నీకు ఇక్కడ కూర కూడా పుట్టదు' అని మొహం మీద చెప్పడమే. ఆటల్లో బెంచీ అనేదొకటి ఉంటుందని నాన్నకి ఎవరు చెప్పారు? నేను చెప్పేలోపే ఆయన లేచి, తెల్ల సున్నం గీతలు దాటి, ఆట మధ్యలోంచి నడుచుకుంటూ కోచ్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆట ఆగిపోయింది. అంపైర్ చేతులు పైకెత్తాడు. ఆ ఎండలో అందరి కళ్ళూ మా నాన్న లుంగీ మీదే. నేను చీరకొంగులో మొహం దాచుకున్నాను గానీ చెవులు దాచుకోలేదు.

"సార్, మా పిల్లోడు ఏటి తప్పు సేసినాడు?"

కోచ్ సార్ ఒడియా ఆయన, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడలేడు. ఒడియాలో మెల్లగా చెప్పాడు, తప్పేం లేదు, అవసరమైనప్పుడు దింపుతాను అని.

"ఇప్పుడే అవసరం సార్. మేమందరం ఒచ్చినాం."

జనం గొల్లుమన్నారు. కోచ్ కూడా నవ్వు ఆపుకోలేక నాన్నని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. ఆ నవ్వులాటలో నేను కొంగు తీసి మొదటిసారి బావని సరిగా చూశాను. కూకోబెట్టారు అంటున్నాం గానీ, ఆ మనిషి కూర్చోనే లేదు. విసిరేవాడు అలిసిపోతే రెండోవాడిని సిద్ధం చెయ్యడానికి పక్కన వాడి బంతులు పడుతున్నాడు. ఎవడిదో బూటు లేసు కడుతున్నాడు. బ్యాటు పట్టుకుని వెళ్తున్న కుర్రాడి చెవిలో ఏదో చెప్పి వీపు తడుతున్నాడు. మంచినీళ్ళ డబ్బా మోస్తున్నాడు. మా పెళ్ళి పందిట్లో ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. నాకు సిగ్గూ కోపమూ రెండూ పోయి, గుండెలో ఏదో మెత్తగా అయింది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

కాసేపటికి మొదటి మూలలో వాడికి మడమ మెలికపడింది. బావ వెళ్ళి ఆ చోట్లో నిలబడ్డాడు. మా వీధి మొత్తం లేచి ఈలలు వేసింది. తర్వాత సందు కాసేవాడు తడబడుతుంటే కోచ్ ఇతన్ని అక్కడికి జరిపాడు. చివర్లో క్యాచర్ వేలికి బంతి తగిలింది. జట్టులో ఉన్న రెండో క్యాచర్ ఇంటికెళ్ళి రాలేదు. బావే ఆ దిండు గ్లవ్ అరువు తెచ్చుకుని, ఛాతీకి కవచం కట్టుకుని, కొట్టేవాడి వెనక కూర్చున్నాడు. ఒకే ఆటలో మూడు చోట్లు. మా నాన్న ఆనందం పట్టలేక, పక్కనున్న వాళ్ళందరికీ వేపిన చేపలు పంచేస్తున్నాడు.

ఆఖరి బంతుల్లో ఒకటి నేలకి తగిలి ఎగిరింది. బావ చెయ్యి పెట్టాడు. ఆ అరువు గ్లవ్ అంచుకి తగిలి, కాళ్ళ మధ్యనుంచి జారి వెనక్కి దొర్లిపోయింది. మూడో మూలలో ఉన్న అవతలి జట్టువాడు పరుగెత్తుకొచ్చి కొట్టేవాడి దగ్గరున్న పలక తాకేశాడు. ఓడిపోయారు.

నాన్న చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "ఆ దిండు సంచి ఆడిది కాదు గదా, ఎలగ పడతాడు?" అన్నాడు చివరికి. బావ కవచం విప్పుకుంటూ మా వైపు వచ్చి, "తిన్నారా అందరూ?" అని అడిగాడు. దారిలో మేజిక్ బండిలో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మంగుళూరు ఖాయమనుకున్నాను.

వారాలు గడిచాయి. కోచ్ దగ్గర్నుంచి కబురు లేదు. భువనేశ్వర్‌లో ఆట ఆపేశారు, బావ ఇంటికొచ్చేశాడు. మంగుళూరు చుట్టం మాత్రం మూడుసార్లు ఫోన్ చేశాడు, మాట ఖాయం చెయ్యమని. నాన్న నా మొహం చూసి "రేపు సెప్తాం" అనేవాడు. 'రేపు' అన్న మాట వినగానే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. బావ మామూలుగానే ఉన్నాడు. పక్కింటి ఫ్యాను బాగుచేశాడు, మా అమ్మమ్మకి కాలికి నూనె రాశాడు. ఒకరోజు మాత్రం అతను పెరట్లో ఒక్కడే ఆ కంపు గ్లవ్‌లోకి బంతి వేసుకుంటూ, తీసుకుంటూ కూర్చున్నాడు. నేను తలుపు చాటున నిలబడి చూశాను. దగ్గరికి వెళ్తే ఆపేస్తాడని వెళ్ళలేదు.

ఆదివారం పొద్దున్న అలివి వల వేశారు. మా నాన్నకి ఆ వల దగ్గర ఎన్నో ఏళ్ళుగా ఒక చోటుంది. దక్షిణం తాడు లాగినకొద్దీ వెనక ఒడ్డు మీద కూర్చుని దాన్ని చుట్టగా చుట్టే చోటు. పెద్దవాళ్ళకిచ్చే చోటది, గౌరవమైనది, ఇంకెవరూ కూర్చోరు. ఆ రోజు నాన్న లేచి నిలబడి, "ఒరే అల్లుడా, ఇలా రా" అన్నాడు. "ఇది నా సోటు. ఇయ్యాల్టి నుంచి నీది. మంగుళూరు ఎల్లినా, ఒచ్చినప్పుడు ఈ సోట్లోనే కూకోవాల."

బావ వచ్చి మావ కాళ్ళ దగ్గర ఇసుకలో కూర్చుని తాడు చేతిలోకి తీసుకున్నాడు. చొక్కా విప్పి నాకిచ్చాడు, అందులో ఫోనుంది. నేను తట్టతో ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఎవరూ జరగమనకుండా, ఎవరి జ్వరం కోసమూ కాకుండా, అతను తన చోట్లో కూర్చుని ఉన్నాడు. నాకు కళ్ళు నిండిపోయి సముద్రం మసగ్గా కనిపించింది.

వల దగ్గరపడుతుండగా చొక్కా జేబులో ఫోన్ మోగింది. కోచ్ సార్.

"ఉన్నాడా?" అన్నాడు ఒడియాలో.

"ఉన్నారు సార్" అని తల తిప్పాను. తాడు చుట్ట దగ్గర మా నాన్నే మళ్ళీ కూర్చుని, తనలో తను గొణుక్కుంటూ చుడుతున్నాడు. బావ లేడు. "ఉన్నారు సార్, ఎక్కడున్నారో సూడాలి" అన్నాను.

అవతల కోచ్ నవ్వాడు. "ఎప్పుడూ అంతే. నీకే చెప్తాను, అతనికి చెప్పు. అతన్ని ఉంచుతున్నాం."

నా నోటికి తెలివితక్కువ మాటే వచ్చింది. "ఆ రోజు బంతి వదిలేశారు గదా సార్?"

"వదిలేశాడు. ఆ చోట్లో నేను ఇంకెవరిని కూర్చోమన్నా అసలు కూర్చునేవాళ్ళే కాదు." ఆ తర్వాత లెక్క చెప్పాడు. మొదటి మూలవాడినీ, సందు కాసేవాడినీ, రెండో క్యాచర్‌నీ తీసేశారట. జట్టు చిన్నదైపోయింది, ఆ మూడు చోట్లకీ బావ ఒక్కడు సరిపోతాడట. జీతం మాత్రం పాతదే. ముగ్గురి పని చేయించుకుని ఒక్కడి జీతమా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఒడియాలో సరే అన్నట్టు "హౌ సార్, థాంక్యూ సార్" అన్నాను.

ఫోన్ పెట్టేసి వెతికాను. ఉత్తరం తాడు దగ్గర మనిషి తక్కువయ్యాడని అక్కడికెళ్ళి లాగాడట. వల బరువుగా ఉందని తెలిసి అక్కణ్ణుంచి నీళ్ళలోకి దిగాడు. నడుం లోతులో నిలబడి, చేపలు కిందనుంచి జారిపోకుండా వల అడుగు తాడుని కాళ్ళతో తొక్కిపట్టి ఉన్నాడు. నేను చీర తడుస్తుందని కూడా చూడకుండా పరుగెత్తాను.

"బావా! నిన్ను ఉంచీసినారంట!"

అలల చప్పుడులో రెండుసార్లు అరవాల్సి వచ్చింది. విన్నాక అతని మొహం వెలిగింది, వెంటనే వాడిపోయింది. "ఎవలిని తీసీసినారు?" అన్నాడు. చెప్పాను. "మొదటి మూలోడికి ఇద్దరు సిన్న పిల్లలే" అన్నాడు. నీళ్ళలో అలాగే నిలబడిపోయాడు. ఆ క్షణం అతన్ని కొట్టాలనిపించింది, కౌగలించుకోవాలనిపించింది. చుట్టూ ఊరంతా ఉంది కాబట్టి రెండూ చెయ్యలేదు. ఒడ్డు మీద నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "మంగుళూరోడికి ఫోన్ సెయ్యండర్రా, ఆడు రాడని సెప్పండి" అని అరుస్తున్నాడు.

వల ఒడ్డుకొచ్చింది. కవళ్ళు, కానాగంతలు లాంటి చిన్న చేపలు, నాలుగైదు పెద్ద చేపలు. వల పెద్ద మామూలుగానే వల వాటా, పడవ వాటా తీసి, మిగిలింది మూడు కుప్పలు పోశాడు. దక్షిణం తాడుకి ఒకటి, ఉత్తరం తాడుకి ఒకటి, నీళ్ళలో దిగినవాళ్ళకి ఒకటి. ఎవరి కుప్ప దగ్గర వాళ్ళు చేరారు. బావ దక్షిణం కుప్ప దగ్గరికి వెళ్తే, "నువ్వు ఉత్తరం తాడు లాగినావు గదరా" అన్నారు. ఉత్తరం వాళ్ళు "నీళ్ళల్లో ఉన్నావు గదా" అన్నారు. నీళ్ళ కుప్ప అప్పటికే పంచేస్తున్నారు, అక్కడివాళ్ళు "మావ సోటు నీకిచ్చినాడు గదా, దక్షిణం కాడ తీసుకో" అన్నారు. ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు. ప్రతివాడూ అతన్ని ఇంకొకళ్ళ మనిషి అనుకున్నాడు. బావ తడి లుంగీతో మూడు కుప్పల మధ్య నిలబడి, ఆ ఫోటోలో ఉన్న నవ్వే నవ్వుతున్నాడు. చేతులు ఖాళీ.

నా ఒంట్లో ఇన్నేళ్ళ మంట అంతా ఒక్కసారి లేచింది.

తట్ట తీసుకుని దక్షిణం కుప్ప దగ్గరికి వెళ్ళాను. "ఇది తాడు సుట్టినందుకు" అని ఒక వాటా తీశాను. ఉత్తరం కుప్ప దగ్గరికి వెళ్ళాను. "ఇది తాడు లాగినందుకు." నీళ్ళ కుప్పలో చెయ్యి పెట్టి ఉన్నవాటిలో పెద్దదే పట్టుకున్నాను. "ఇది అడుగు తొక్కినందుకు."

"ఒలే, ఒలే! ఒక్క మనిషికి మూడు వాటాలేటే?" అన్నాడు వల పెద్ద.

"మూడు సోట్ల ఆడినాడు. సూడలేదా మీరు?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. మా నాన్న తాడు చుట్ట మీద కూర్చుని అందరికన్నా గట్టిగా నవ్వాడు. వల పెద్ద చెయ్యి ఊపి, "పట్టుకెల్లవే తల్లీ, నీతో ఎవలు పడతారు" అన్నాడు.

బావ మాత్రం నా పక్కకొచ్చి, మెల్లగా తట్టలో చెయ్యి పెట్టాడు. పెద్ద చేపని తీసి, కుప్ప అంచున నిలబడ్డ ముసలామె వైపు జరపబోయాడు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

"ఇయ్యాల కాదు బావా" అన్నాను.

ఇంటికి చేరేదాకా వదల్లేదు.